ఆలస్యం చెప్పిన సంగతి

సాయంత్రం ఏడు కావస్తోంది. బయట సన్నగా తుంపర. లోపల జనం. ఓ మూలన మనిషెత్తు స్టీలు పీపాలు, కౌంటరు వెనక వరసగా కొళాయిలు, బల్లల మీద నురగలు కక్కుతున్న గ్లాసులు. ఒకాయన గోడకి తెర కడుతున్నాడు. ఇంకొకాయన మైకు సరిచేస్తూ ‘హలో... హలో’ అంటున్నాడు. చూడబోతే ఏ పాటకచేరీకో ఏర్పాట్లు జరుగుతున్నట్టుంది. కానీ తెరమీద పడిన బొమ్మ గాయకుడిది కాదు... శనిగ్రహానిది!

అమెరికాలోని సియాటెల్ నగరం, బల్లార్డ్ పేట. ఒకప్పుడు స్కాండినేవియా నుంచి వలసొచ్చిన జాలర్లకీ, కలప మిల్లులకీ పేరుపడ్డ చోటు. తర్వాత అక్కడ చిన్న చిన్న బ్రూవరీలు వెలిశాయి. అంటే, బీరు అక్కడే తయారుచేసి అక్కడే అమ్మే దుకాణాలన్నమాట. 2018 సెప్టెంబరు చివర్లో ఓ బుధవారం, అలాంటి ఒక బ్రూవరీలో తెనాలి అమ్మాయి ఒకతి చేతిలో అల్లం సోడా గ్లాసు పట్టుకుని వణుకుతూ నిలబడింది. వణుకు చలికి కాదు. ఇంకో పావుగంటలో ఆ తెర ముందుకెళ్లి, ఆ జనానికి, ఖగోళశాస్త్రం చెప్పాలి.

అంతకన్నా పెద్ద గుబులు మరొకటుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ‘బార్లో ఉపన్యాసమా!’ అంటుంది అమ్మ. నాన్న ఏమంటాడో ఆమెకు తెలీదు. ఆయన తన చదువు గురించి అడగడం మానేసి రెండేళ్లయింది మరి.

పెళ్లిలో జారిన మాట

ఆయన ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. పదో తరగతి తర్వాత చదువు సాగలేదు. కూతురు ఫిజిక్సు చదువుతానంటే ‘ఉద్యోగం వస్తుందా?’ అని మాత్రం అడిగి ఊరుకున్నారు. పీహెచ్‌డీకి అమెరికా వెళ్తానంటే తన పీఎఫ్ డబ్బుల్లోంచి టిక్కెట్టు కొన్నారు.

రెండేళ్ల కిందట చుట్టాలింట్లో పెళ్లి. భోజనాల దగ్గర ఎవరో అడిగారు, ‘మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?’ అని. ‘నక్షత్రాల గురించి’ అన్నారాయన. ‘అయితే మా వాడి జాతకం చూపించాలి’ అని అవతలివాళ్లు నవ్వారు. ఆయనా నవ్వేసి, రాత్రి ఇంటికొచ్చాక కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ‘నువ్వు అసలు చేసే పనేంటో చెప్పమ్మా... రేపెవరైనా అడిగితే నేను సరిగ్గా చెప్పాలిగా’ అన్నారు.

ఆమె రెండు వాక్యాలు ఇంగ్లిషులో మొదలుపెట్టింది. తెలుగులో మాటలు దొరకలేదు. ప్రయాణపు బడలిక, నిద్రమత్తు. ‘నీకు అర్థం కాదులే నాన్నా’ అనేసింది.

ఆయన ‘సరేనమ్మా’ అని లేచి వెళ్లి పడుకున్నారు. కోప్పడలేదు. చిన్నబుచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. కానీ ఆ తర్వాత ఫోనులో ఎప్పుడు మాట్లాడినా రెండే ప్రశ్నలు... ‘తిన్నావా? చలి ఎట్టా ఉంది?’ చదువు ఊసు లేదు. ఆ ప్రశ్న రాకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూ ఉండేది.

కొళాయి తిప్పితే ఖగోళం

ఇంతకీ బార్లో ఖగోళం ఏమిటి? ఈ కార్యక్రమం పేరు ‘ఆస్ట్రానమీ ఆన్ ట్యాప్’. ట్యాప్ అంటే బీరు పీపాకుండే కొళాయి. మెగ్ ష్వాంబ్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2013లో న్యూయార్క్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఊరూరా పాకి, దేశాలు దాటింది. సియాటెల్‌కి 2015లో వచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఖగోళశాస్త్రం చదివే పరిశోధక విద్యార్థులే దాన్ని నడిపారు. చిన్న చిన్న ప్రసంగాలు, వాటి మధ్య ఓ క్విజ్. పెట్టేది ఉచితం, తాగేదానికి ఎవరి డబ్బులు వాళ్లవి!

శాస్త్రం జనం దగ్గరికి నడిచి రావడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో డంకన్ డల్లాస్ అనే టీవీ నిర్మాత 1998లో ‘కెఫే సైంటిఫిక్’ పేరుతో కాఫీ కబుర్ల మధ్య సైన్సు చర్చలు పెట్టారు. 2013లో బ్రిటన్‌లోనే ‘పింట్ ఆఫ్ సైన్స్’ మొదలైంది. వీళ్లందరికంటే ముందే జాన్ డాబ్సన్ అని ఒకాయన ఉన్నారు. ఆయన కథ మనవాళ్లు తెలుసుకోవాల్సిందే.

డాబ్సన్ 1915లో చైనాలోని బీజింగ్‌లో పుట్టారు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత ఆశ్రమంలో చేరి, 23 ఏళ్లు సన్యాసిగా ఉన్నారు. ఆ ఆశ్రమంలోనే పాత గాజుబిళ్లలు అరగదీసి అద్దాలు చేసి, చవగ్గా టెలిస్కోపులు కట్టేవారు. రాత్రిళ్లు వాటిని వీధుల్లోకి తోసుకెళ్లి పిల్లలకీ పెద్దలకీ ఆకాశం చూపించేవారు. ఆ ధ్యాసే ఆయన్ని 1967లో ఆశ్రమం నుంచి బయటికి పంపింది. మరుసటేడు ‘సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్’ అనే బృందం పుట్టింది. కాలిబాట మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్లని పిలిచి చంద్రుణ్నీ శనినీ చూపించడమే వాళ్ల పని. 2014లో, 98వ ఏట కన్నుమూసేదాకా ఆయన ఆ పని మానలేదు. ఇవాళ ప్రపంచమంతటా ఔత్సాహికులు వాడే ఓ రకం టెలిస్కోపుని ‘డాబ్సోనియన్’ అంటారంటే ఆయన పేరు మీదే.

పబ్ అన్న మాటకి అసలు రూపం ‘పబ్లిక్ హౌస్’. అందరిల్లు అని చెప్పుకోవచ్చు. మన ఊళ్లలో రచ్చబండ ఉన్నట్టే, టీ కొట్టు ముందు బల్ల ఉన్నట్టే, వాళ్లకి అదొకటి. మనుషులు పని ముగించుకుని కూలబడే చోటు. యూనివర్సిటీ గేటు దాటి లోపలికి రావడానికి జంకేవాడు అక్కడ జంకడు. అర్థం కాకపోతే ‘అర్థం కాలేదు’ అని గట్టిగా అనేస్తాడు. విసుగొస్తే పక్కవాడితో కబుర్లలో పడతాడు. మొహమాటానికి తలూపడు. మాట్లాడేవాడికి అంతకన్నా కఠినమైన పరీక్ష మరొకటి లేదు!

నిద్రపోయిన స్నేహితురాలు

ఆ పరీక్షకి పేరిచ్చినప్పుడు తోటి విద్యార్థులు ఆమెకు చెప్పింది మూడే మాటలు. సమీకరణాలు వద్దు. పావుగంట దాటొద్దు. ముందు మన శాస్త్రం తెలియనివాళ్లకి ఒకసారి చెప్పి చూడు.

గదిలో ఉండే స్నేహితురాలిది అకౌంట్స్ చదువు. ఆదివారం మధ్యాహ్నం ఆమెను సోఫాలో కూర్చోబెట్టి మొదలుపెట్టింది. ‘ట్రాన్సిట్ టైమింగ్ వేరియేషన్’ అన్న మాట నాలుగోసారి వచ్చేసరికి శ్రోత గురక వినిపించింది.

ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చుంది. తను చేసే పనిని ఒక్క వాక్యంలో, పరిభాష లేకుండా రాయాలి. కొట్టేసి రాసి, రాసి కొట్టేసి... చివరికి మిగిలింది ఇది. ‘గ్రహం రావాల్సిన టైముకి రాకపోతే, ఎందుకు రాలేదో కనుక్కోవడం.’

రాసిన వాక్యాన్ని చూసి తనే ఉలిక్కిపడింది. ఈ పని తను ఎక్కడో చూసింది. చాలా చిన్నప్పుడు. తెనాలి బస్టాండులో, కంట్రోలర్ గది కిటికీ పక్కన, ఓ చెక్కబల్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ!

పన్నెండు నిమిషాలైతే రైలు గేటు

‘మా నాన్న బస్టాండులో పనిచేసేవారు’ అని మొదలుపెట్టింది మైకు పట్టుకుని. బల్లల దగ్గర మాటలు ఇంకా ఆగలేదు. ఎక్కడో గ్లాసు కిందపడింది. నలుగురు చప్పట్లు కొట్టారు.

‘ఆయన ముందు పెద్ద రిజిస్టరుండేది. ఏ బస్సు ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వచ్చింది... అంతే. గదిలోంచి కదిలేవారు కాదు. కానీ రోడ్డు మీద ఏం జరిగిందో చెప్పేసేవారు. రేపల్లె బస్సు పన్నెండు నిమిషాలు లేటైతే రైలు గేటు పడింది. అరగంటైతే దార్లో పెళ్లి ఊరేగింపు. గంట దాటితే టైరు పంచరు. రోడ్డు చూడకుండానే, ఆలస్యాన్ని బట్టి రోడ్డుని చదివేవారు. నేనూ అదే పని చేస్తున్నా. కాకపోతే నా బస్సులు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి.’

మాటలు ఆగాయి.

తెర మీద ఎర్రటి చిన్న నక్షత్రం. పేరు ట్రాపిస్ట్-1. ‘ఈ పేరు మీకు నచ్చుతుంది. దీని గ్రహాలను కనిపెట్టిన బెల్జియం శాస్త్రవేత్తలు తమ టెలిస్కోపుకి, తమ దేశంలో ట్రాపిస్ట్ సన్యాసులు కాచే బీరు గుర్తొచ్చేలా పేరు పెట్టుకున్నారు’ అనగానే గ్లాసులన్నీ పైకి లేచాయి. ఆ నక్షత్రం మన గురుగ్రహం కంటే కాస్తే పెద్దది. దాని చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఏడూ ఇంచుమించు భూమి అంతవే. అన్నిటికన్నా దగ్గరిది ఒకటిన్నర రోజుల్లో నక్షత్రాన్ని చుట్టేస్తే, దూరపుదానికి దాదాపు 19 రోజులు పడుతుంది. ఆ ఏడింటినీ తెచ్చి మన సూర్యుడి దగ్గర పెడితే బుధుడి కక్ష్యలోపలే ఇమిడిపోతాయి.

వాటిని నేరుగా ఎవరూ చూడలేదు. నక్షత్రం ముందునుంచి గ్రహం దాటినప్పుడల్లా వెలుగు కాస్త తగ్గుతుంది. వీధిదీపం ముందు పురుగు ఎగిరినట్టు. ఎంత తగ్గుతుంది? వంద రూపాయల వెలుగులో 70 పైసలంత! దాన్నిబట్టి గ్రహం ఎంత పెద్దదో తెలుస్తుంది. మరి బరువో?

‘ఇక్కడే బస్టాండు పనికొస్తుంది’ అందామె. ఏడు గ్రహాలూ ఇరుగుపొరుగున తిరుగుతూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. దాంతో ఏదీ కచ్చితంగా టైముకి రాదు. కొన్నిసార్లు కొద్ది సెకన్లే తేడా, కొన్నిసార్లు అరగంట పైమాటే. పక్కగ్రహం ఎంత బరువైతే లాగుడు అంత గట్టిగా ఉంటుంది, తేడా అంత పెరుగుతుంది. ఆ నిమిషాల తేడాలు లెక్కగడితే గ్రహాల బరువు బయటపడుతుంది. తక్కెడ లేకుండా తూచడమన్నమాట. సైజూ బరువూ తెలిస్తే అది రాయో, వాయువో చెప్పొచ్చు.

ఆలస్యం ఇలా సాయపడటం ఇదే మొదటిసారి కాదు. గురుడి చందమామల్లో ఒకటైన అయో గ్రహణాలు లెక్కకంటే ఆలస్యంగా కనబడుతున్నాయని గమనించి, 1676లో రోమర్ ‘వెలుగు ప్రయాణానికీ సమయం పడుతుంది’ అన్నాడు. యురేనస్ ఉండాల్సినచోట లేకుండా తప్పటడుగులు వేస్తుంటే, దాన్ని లాగుతున్నదెవరని లెక్కగట్టాడు ఫ్రాన్సులో లెవెరియే. ఆయన చెప్పినచోట 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలె టెలిస్కోపు తిప్పితే నెప్ట్యూన్ దొరికింది!

ముందు బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన చెయ్యెత్తాడు. పడవల ఇంజన్లు బాగుచేస్తాడట. ‘మీ నాన్నగారికి టైంటేబుల్ ఉంది. మీకెవరిచ్చారు?’ అన్నాడు. మంచి ప్రశ్న. ఎవరూ ఇవ్వరు, కాపలా కాసి రాసుకోవాల్సిందే. స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు దాదాపు 20 రోజులపాటు ఆ ఒక్క నక్షత్రాన్నే చూసింది... అని చెప్పింది. ఆయన తృప్తిగా తలూపి గ్లాసెత్తాడు. ఆ ఒక్క తలూపుడుకి ఆమె వణుకు పోయింది.

ధూమకేతువు పోసిన మందు

తర్వాత క్విజ్. బల్లకొక జట్టు, జట్టుకొక కొంటె పేరు. ఏ గ్రహం మీద ఏడాది కంటే రోజు పెద్దది? (శుక్రుడు. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుణ్ని చుట్టడానికి 225.) నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన గ్రహం ఏది? (శని. తేల్చేంత తొట్టి దొరకాలంతే!) ‘ప్లూటో గ్రహమా కాదా’ అన్న ప్రశ్నకి మాత్రం సగం జనం జవాబు చెప్పకుండా దెబ్బలాటకి దిగారు. 2006లోనే తీసేసినా బాధ తీరలేదు మరి.

అందరినీ నవ్వించింది మరో ప్రశ్న. లవ్‌జాయ్ అనే ధూమకేతువు 2015లో సూర్యుడి దగ్గరికొచ్చినప్పుడు సెకనుకి కనీసం 500 సీసాల వైనులో ఉండేంత ఆల్కహాలు వెదజల్లిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ‘ఎన్ని సీసాలు?’ అన్నది ప్రశ్న. ‘చాలవు’ అని రాసిన జట్టుకి మార్కు రాలేదు కానీ చప్పట్లు వచ్చాయి.

ఆఖరి ప్రశ్న ఆమె ఇచ్చింది. 1949లో హార్వర్డులో చదువుకుంటూ, ఇద్దరు సహచరులతో కలిసి ధూమకేతువుకి తన పేరు తెచ్చుకున్న భారతీయ విద్యార్థి ఎవరు? ఎవరికీ తెలీదు. వేణు బాప్పు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు. తండ్రి వెంట అబ్జర్వేటరీలో తిరుగుతూ ఆకాశాన్ని ప్రేమించినవాడు. ఆ జవాబు చదువుతుంటే ఆమె గొంతు ఎందుకో కాస్త తడబడింది.

వెనక బస్సు సంగతేంటి?

గదికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తెనాలిలో మర్నాడు పొద్దున పది. ఫోను చేసింది.

‘తిన్నావా? చలి ఎట్టా ఉంది?’

‘నాన్నా, ఇవాళ నేనొక చోట మాట్లాడా. అది... బారు నాన్నా.’

అవతల కాసేపు నిశ్శబ్దం. ‘నువ్వు తాగావా?’

‘అల్లం సోడా.’

‘మరింకేం? మా బస్టాండు ఎదురుగుండా ఉన్నవి ఏంటి మరి? జనం ఉన్నచోటేగా మాట్లాడేది’ అన్నారాయన.

అప్పుడు చెప్పింది. తెలుగులోనే. రిజిస్టరు, రైలు గేటు, ఏడు గ్రహాలు, అరగంట ఆలస్యాలు, తక్కెడ లేని తూకం. మధ్యలో ఆగి ‘అర్థమవుతోందా?’ అని అడగబోయి నాలుక కరుచుకుంది. ఆ ప్రశ్న ఇక ఆయన్ని అడగకూడదు.

ఆయన అంతా విన్నారు. గొంతు సవరించుకున్నారు. ‘మరి వెనక బస్సు సంగతేంటి?’ అన్నారు.

‘వెనక బస్సా?’

‘ముందు బస్సు లేటైతే ప్రతి స్టాపులోనూ జనం పెరిగి అది ఇంకా లేటవుద్ది. దాని వెనకొచ్చేదానికి జనం ఉండరు, అది ముందే వచ్చేస్తది. రిజిస్టరులో రెండూ కలిపి చూస్తేనే కదా తెలిసేది... రెండూ ఒకే రూటువని! నీ గ్రహాల్లో అట్టా ఉండదా?’

ఆమెకు నోట మాట రాలేదు. ఉంటుంది. సరిగ్గా అలాగే ఉంటుంది. కారణం జనం కాదు, గురుత్వాకర్షణ. రెండు గ్రహాలు ఒకదాన్నొకటి లాగుకునేటప్పుడు ఒకటి పోగొట్టుకున్న శక్తిని రెండోది దక్కించుకుంటుంది. ఒకటి ఆలస్యమయ్యే కాలంలో పక్కది ముందొస్తుంది. కెప్లర్ టెలిస్కోపు చూసిన జంటల్లో చాలావాటిని, ఇవి నిజంగా గ్రహాలే, ఒకే నక్షత్రానివే అని 2012లో నిర్ధారించింది ఈ ఎదురుబొదురు తేడాలు చూసే. యూనివర్సిటీలో రెండో ఏడు చెప్పే పాఠం అది. పదో తరగతి చదివిన మనిషి, బస్సుల రిజిస్టరులోంచి తీసి చేతిలో పెట్టాడు.

‘ఉంటుంది నాన్నా’ అంది ఎట్టకేలకు. తర్వాత ఇంకో మాట కూడా అంది. రెండేళ్లుగా అనాల్సిన మాట. ‘ఆ రోజు పెళ్లి నుంచొచ్చాక నీకు అర్థం కాదులే అన్నాను. నాకే చెప్పడం చేతకాలేదు నాన్నా.’

‘పోన్లే’ అన్నారాయన. ‘బస్సు లేటైనా వచ్చిందిగా.’

ఆయన ఆ సాయంత్రం బస్టాండు దగ్గర టీకొట్టుకి వెళ్లి, తనతోపాటు రిటైరైన కండక్టర్లనీ డ్రైవర్లనీ కూర్చోబెట్టి ఏడు గ్రహాల కథ చెప్పారట. సాసర్లు గ్రహాలు, టీ కెటిల్ నక్షత్రం. ‘జాతకం కాదెహే, టైమింగు!’ అని ఒకరిద్దర్ని కసిరారని అమ్మ ఫోనులో చెప్పింది.

ఆ తర్వాత చాలా జరిగాయి. స్పిట్జర్ టెలిస్కోపు 2020 జనవరిలో విశ్రాంతి తీసుకుంది. 2021లో ఆ ఏడు గ్రహాల బరువులు ఇంకా కచ్చితంగా తేలాయి. ఏడూ ఇంచుమించు ఒకే రకం రాతి సరుకుతో తయారైనట్టున్నాయని తెలిసింది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అన్నిటికన్నా లోపలి గ్రహాన్ని పరీక్షించి, దాని మీద చెప్పుకోదగ్గ గాలి పొర లేనట్టేనంది. ఆ కబుర్లన్నీ ఎప్పటికప్పుడు తెనాలి చేరాయి.

ఇప్పుడు ఫోనులో ప్రశ్నలు మూడు. తిన్నావా? చలి ఎట్టా ఉంది? మూడోది...

‘మన బస్సులు టైముకొస్తున్నాయా?’